జాజు చేతుల గోడ

సత్తుపల్లి దాటాక అడవి అంచున ఉన్న పాత ఎగ్జిబిషన్ హాలులో గుమస్తాగా చేశాను. ఒకప్పుడు అక్కడ పంటల ప్రదర్శన జరిగేది. అందరూ మెచ్చిన పంట తెచ్చిన రైతు ఎర్రమట్టి కలిపిన జాజులో చెయ్యి ముంచి లోపలి గోడ మీద అచ్చు వేసేవాడు. ఆ గోడ కోసమే, హాలునూ చుట్టూ తోటనూ వారసత్వ కట్టడంగా గుర్తించమని ఆరేళ్లు కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాను.

రెండువేల ఐదు ప్రాంతంలో, చూడ్డానికి ఆఫీసరు వస్తున్నాడని ఫోనొచ్చింది. హాలు శుభ్రం చెయ్యమని తోటపని చేసే అవ్వకు చెప్పి ఇంటికెళ్లాను. మర్నాడు వచ్చేసరికి మొక్కలకు పాదులు తీసి ఉన్నాయి. లోపలి గోడంతా తెల్లగా ఉంది.

“సున్నమెందుకు ఏసినవ్ అవ్వా?”

“పెద్దసారొస్తుంటే మురికి గోడ చూపిస్తమా? గట్ల బాగుంటదా?”

కోప్పడే ఓపిక కూడా లేకపోయింది. శుభ్రం చెయ్యమన్నది నేనే.

ఆఫీసరు దిగేసరికి సున్నం ఇంకా ఆరలేదు. చేతి అచ్చుల సంగతి చెప్పాను.

“ఎక్కడండీ?” అన్నాడు చుట్టూ చూస్తూ.

అవ్వ ముందుకెళ్లి, కిటికీ పక్కన తడి సున్నం మీద అరచెయ్యి ఆనించింది.

“ఈడ మా నాయనది సారు.”