మా రాయి పోసి చూపించండి

మా మేనత్తకు ఓపిక తక్కువ. ఆ మాట ఆవిడ ముందు అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. మామయ్య పోయాక కంకర క్రషర్ ఆవిడే నడుపుతోంది. తలకు గుడ్డ చుట్టుకుని, దుమ్ముతో తెల్లబడ్డ కనుబొమలతో లారీ డ్రైవర్లను అదిలిస్తూ ఉంటుంది. ఆవిడ మరిదికి అది కంటగింపు. ఆడమనిషికి మిషన్ల సంగతేం తెలుసని అంతటా టముకు వేశాడు.

పాత మిషన్ మూలబడింది. కొత్తది కంకరతో పాటు ఇసుక కూడా ఆడాలి, లేకపోతే బిల్డర్లు మా గడప తొక్కరు. మరిది సుత్తులతో కొట్టే మిషన్ ఒకటి చూసుకొచ్చి, పెద్దల ముందు మెలిక పెట్టాడు.

"నేను చెప్పిందే కొనాలి వదినా. కాదంటే క్రషర్ నాకు వదిలెయ్."

"మన రాయికి అది తట్టుకుంటే మిషనే కాదు, క్రషరూ నీదే" అంది అత్త.

నేను అత్త కొంగు పట్టి లాగాను. అంత మాట ఎందుకు అనాలి?

మిషన్లు అమ్మే యార్డులో సేల్స్ అబ్బాయి రాయి పోసి ఆడించాడు. ఇసుక జలజలా రాలింది. మరిది మీసం దువ్వాడు. అత్త వంగి ఒక రాయి తీసి గోటితో గీసింది. తెల్లగా గీత పడింది.

"ఇది సుద్దముక్క బాబూ. మా రాయి పొయ్యి."

గేటు బయట మా కొండ నల్లరాయితో లారీలు నిలబడి ఉన్నాయి.

"బయటి రాయి పొయ్యకూడదమ్మా, రూల్సు ఒప్పుకోవు."

"రేపు నేను పోసేది ఇదే. పొయ్యనివ్వకపోతే గేటుకి అడ్డంగా దింపించేస్తా."

పోశారు. సాయంత్రం దాకా యార్డంతా దద్దరిల్లింది. ఆపి మూత తీస్తే, సుత్తుల అంచులు వాడేసిన సబ్బుబిళ్లల్లా అరిగి ఉన్నాయి. ఒకటైతే పగుళ్లిచ్చింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

సేల్స్ అబ్బాయి చెమట తుడుచుకున్నాడు. "మిషన్‌ది తప్పు కాదమ్మా, మీ రాయే మరీ గట్టిది."

"అయితే కొండను మార్చుకోమంటావా?"

యార్డు పనివాళ్లు కూడా పగలబడి నవ్వారు. మరిది నవ్వలేదు. వంగి, పగుళ్లిచ్చిన సుత్తిని చేత్తో తడిమి చూశాడు.

"మరి ఏది కొందాం వదినా?" అన్నాడు చివరికి. ఆయన ఆవిడను అలా అడగడం నేను వినడం అదే మొదలు.

"కొట్టేది వద్దు, నొక్కి పగలగొట్టేది చూద్దాం. ఇసుకకు వేరే మిషన్. అదైనా మన రాయి పోసి చూశాకే. పద, లారీ ఎక్కు."