గమనించు, అదే పోతుంది

పిడుగురాళ్ల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. నలభై దాటాక నాకు బీపీ వచ్చింది, నిద్ర పట్టడం మానేసింది. తోటి టీచరొకరు చెబితే ధ్యానం మొదలుపెట్టాను. ఆరు నెలలు తిరిగేసరికి తరగతిలో కేకలు వేయడం తగ్గింది, ఇంట్లో గిన్నెలు విసురుగా పెట్టడం తగ్గింది. ఆ సంతోషంలో కనిపించిన ప్రతివాళ్ళకీ అదే చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో నేను వస్తుంటే ఒకరిద్దరు పుస్తకం అడ్డం పెట్టుకునేవారని తర్వాత తెలిసింది.

కారంపూడి దారిలో ఒక రైతు బత్తాయి తోటలో కట్టిన హాలులో పిల్లల ధ్యాన శిబిరం పెడుతున్నారనీ, వేసవి సెలవుల్లో ఏడు రోజులనీ తెలియగానే మా స్కూలు నుంచి పదకొండు మంది ఆడపిల్లల్ని తీసుకెళ్ళాను. అందరూ తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వెళ్ళబోతున్నవాళ్ళే. వాళ్ళ బాగోగులు చూడటానికి నేనూ అక్కడే ఉండిపోయాను.

శిబిరంలో ముఖ్యమైన నియమం మౌనం. ఎవరితోనూ మాట్లాడకూడదు, సైగలు కూడా చేయకూడదు. ఏదైనా అవసరమైతే చీటీ రాసి హాలు గుమ్మం దగ్గరున్న బుట్టలో వెయ్యాలి. ఆడపిల్లల చీటీలు చదివి జవాబు రాయడం నా పని.

ఆ పదకొండు మందిలో ఒకమ్మాయి స్కూల్లో పెద్ద వసపిట్ట. వాళ్ళమ్మ సున్నపు బట్టీలో పనికి వెళుతుంది, నాన్న రాయి లారీ తోలతాడు. మొదటి రోజు బుట్టలో సగం చీటీలు ఆ పిల్లవే. 'టీచర్, సాంబారులో ఉప్పు లేదు.' 'టీచర్, నా పక్కనమ్మాయి కూర్చునే గురక పెడుతోంది.' 'టీచర్, కళ్ళు మూసుకుంటే మా మేక కనపడుతోంది, పర్వాలేదా?' మొదట నవ్వుకున్నాను. రెండో రోజుకి విసుగొచ్చింది. శిబిరం నడిపించే గురువుగారికి చూపిస్తే ఆయన చిన్నగా నవ్వి, "మాట్లాడటానికి మనసు సాకులు వెతుక్కుంటుంది మేడం. మీరు జవాబులు తగ్గించండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. ఆ వెంటనే, "మీ స్కూలు పిల్లలు మాత్రం చాలా బాగా కూర్చుంటున్నారు" అని కూడా అన్నారు. ఆ మెప్పు నాకు ఎంత బాగుందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మూడో రోజు పొద్దున బుట్టలో ఆ పిల్లది ఒకటే చీటీ ఉంది. 'టీచర్, లేచినప్పటి నుంచి ఎడమ చెవిలో గుయ్యిమంటోంది. చెవి మూసుకుపోయినట్టుంది. కొంచెం తల తిరుగుతోంది.'

జ్ఞానేంద్రియాల పాఠం ఏటా చెప్పేది నేనే. చెవి బొమ్మ బోర్డు మీద గీసి, లోపలి భాగాలన్నిటికీ పేర్లు రాసి, పరీక్షలో వస్తుంది గుర్తుపెట్టుకోండి అని చెప్పేది నేనే. అయినా ఆ చీటీ వెనక్కి తిప్పి, 'గమనించు. అదే పోతుంది' అని రాసిచ్చాను. కాలు తిమ్మిరెక్కినా, దురద పుట్టినా మాకు నేర్పిన జవాబు అదే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ పిల్ల కంచం పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. చెవి మీద చెయ్యి పెట్టుకుని నోరు తెరవబోయింది. నేను పెదాల మీద వేలు పెట్టాను. రెండు క్షణాలు నన్ను చూసింది, తల ఊపి వెళ్ళిపోయింది. అంతే. ఆ తర్వాత ఇక ఒక్క చీటీ కూడా రాయలేదు. దారిలో పడిందనుకున్నాను.

ఆఖరి రోజు మౌనం విడిచాక పిల్లలంతా లేచి తమ అనుభవం చెప్పాలి. ఆ పిల్ల మైకు అందుకుని, "మూడో రోజు నా చెవిలో ఏదో మోత మొదలైంది. చానా భయమేసింది. మా టీచర్ గమనించమన్నారు. ఇప్పుడు మోత ఉంది గానీ భయం లేదు" అంది. హాలంతా చప్పట్లు కొట్టారు. గురువుగారు నా వైపు చూసి తలాడించారు. నేను అదంతా ఫోన్‌లో తీసి స్కూలు గ్రూపులో పెట్టాను. మోత ఇంకా ఉందని ఆ పిల్ల మైకులో చెప్పినా మా ఎవ్వరి చెవికీ ఎక్కలేదు.

స్కూళ్ళు తెరిచిన రెండో రోజు బోర్డు మీద రాస్తూ ఆ పిల్లని పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే లేచి నిలబడింది.

"ఏంది, పరధ్యానమా?" అన్నాను.

"కాదు టీచర్. అటేపు నించి పిలిస్తే ఇనపడట్లా. క్యాంపులో చెప్పాగా."

ఆ పూటే సెలవు పెట్టి, ఆటో మాట్లాడుకుని, బట్టీ దగ్గర నుంచి వాళ్ళమ్మని కూడా ఎక్కించుకుని నరసరావుపేటలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. శబ్దం వినపడితే బటన్ నొక్కాలి. కుడి చెవికి గబగబా నొక్కింది. ఎడమ చెవికి వచ్చేసరికి బటన్ మీద వేలు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది.

డాక్టరు కాగితం చూసి, "ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు. నెల దాటిందని పిల్లే చెప్పింది.

"ఇలా ఉన్నట్టుండి వినికిడి పోయినప్పుడు మొదటి రోజుల్లోనే రావాలమ్మా. మందులు పనిచేసే అవకాశం అప్పుడే ఎక్కువ. వచ్చి తీరేదని నేనూ చెప్పలేను. ప్రయత్నమన్నా చేసేవాళ్ళం."

వాళ్ళమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "మా ఇంటి పక్కనే క్వారీ సార్. ఆ పేలుళ్ళకే అయ్యుంటది. వీళ్ళ నాన్న ఇల్లు మారదామన్నా నేనే ఒప్పుకోలా" అంది. తప్పంతా తన మీద వేసుకుంటోంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆ పిల్ల ఒకసారి నా వంక చూసింది. నేను నోరు మెదపలేదు. శిబిరంలో చేసింది తెలియక చేశానని సర్ది చెప్పుకోవచ్చు. ఇది అలా కాదు.

పది రోజులకి గానీ ధైర్యం రాలేదు. ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. చీటీ సంగతి, భోజనాల దగ్గర జరిగిన సంగతి, ఆస్పత్రిలో చెప్పకుండా దాచిన సంగతి అన్నీ చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టేసింది.

"అంటే మీకు చెప్పిందా మేడం, మా పిల్ల?"

"చెప్పింది."

"రెండుసార్లు చెప్పిందా?"

"అవును."

తిడితే బాగుండునని కూర్చున్నాను. చివరికి, "నేను చెప్పినా ఇనదు, వాళ్ళ నాన్న చెప్పినా ఇనదు. మీరు చెప్తే ఇన్నది" అని చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాఫీ ఇవ్వలేదు. ఆ ఇంట్లో నాకు అంతకు ముందు ఎప్పుడూ అలా జరగలేదు.

డాక్టరు ఇచ్చిన మందులు వాడారు. వినికిడి తిరిగి రాలేదు. శిబిరం వాళ్ళకి ఫోన్ చేసి, ఒంట్లో బాగోలేదని ఎవరు చెప్పినా మౌనం పక్కన పెట్టి వినాలని నియమం పెట్టమన్నాను. "ఒక్క కేసుకి ఇంతగా ఆలోచించకండి మేడం" అన్నారు. మరుసటేడు నన్ను పిలిస్తే వెళ్ళలేదు. మా పిల్లల్నీ పంపలేదు. ధ్యానం తప్పని నేననను. ఇప్పటికీ పొద్దున్నే కూర్చుంటాను. పిల్లలెవరైనా ఏదో చెప్పబోతే మాత్రం చేతిలో పని ఆపేస్తాను. సాంబారులో ఉప్పు గురించైనా సరే.

ఆ అమ్మాయి ఇప్పుడు నరసరావుపేటలో ఇంటర్ చదువుతోంది. మొన్న అక్కడి బస్టాండులో కనిపించింది. తనే నన్ను చూసి దగ్గరికొచ్చి, చుట్టూ తిరిగి, నేను తన కుడివైపుకి వచ్చేలా నిలబడింది. ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్న మాట అడిగేశాను.

"నా మీద కోపముందా?"

"కోపమేం లేదు టీచర్" అంది. బస్సు వచ్చే వైపు చూస్తూ, "ఆ రోజు నాకు బాగా ఏడుపొచ్చింది. మీరు పెదాల మీద ఏలు పెట్టారు గదా, అందుకని ఏడవకూడదేమో అనుకున్నా" అంది.

ఇంతలో మాచర్ల బస్సు వచ్చింది. "వస్తా టీచర్" అంటూ జనంలోంచి తోసుకుని ఎక్కేసింది.