అమెరికా భార్య, కమలాపురం ప్రార్థన

మా ఆయన కడపలో ఇంగ్లీషు లెక్చరరు. ఆయనకు పాత అమెరికా నాటకాల పిచ్చి. డెబ్బై ఏళ్ళ కిందట అక్కడి టీవీల్లో నాటకాలను అప్పటికప్పుడు ఆడి చూపించేవాళ్ళట. ఒక వంటగది, ఒక బల్ల, నలుగురు మనుషులు, అంతే. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఎవరైనా మాట మరిచిపోతే దేశమంతా చూసేదట. ఫోన్లో ఆ నలుపు తెలుపు బొమ్మలు చూస్తూ అన్నం చల్లారబెట్టుకుంటాడు మహానుభావుడు. పోయిన క్రిస్మస్‌కు అలాంటి నాటకమొకటి తనే రాసి, మా కమలాపురం చర్చిలో ఆడిస్తానన్నాడు. భార్య వేషం నాకిచ్చాడు.

నాటకంలో అన్నం బల్ల దగ్గర భర్త కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటాడు. ఏళ్ళ తరబడి అతని చేత మాటలు పడ్డ భార్య, అదే సమయమని పెళ్ళి ఉంగరం తీసి కంచంలో పెట్టి, ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. నాటకానికి ప్రాణం అదే.

"ఒక్క మాట గూడా లేదా నాకు?" అని ఎగిరాను.

"మాట లేకుండా చేసేదే గొప్ప నటన," అన్నాడు.

"అట్లయితే నువ్వే ఆడు. ఇంట్లో నీకు బాగా అలవాటే కదా!"

అయినా ఒప్పుకున్నాను, మా నాయన కోసం. ఆయన మా చర్చి సంఘ పెద్ద. చిన్నప్పుడు స్కూలు నాటకంలో చేరతానంటే, "ఏసాలు గీసాలు మన ఇంట్లో కుదరవు," అని కేకలేసిన మనిషి. నేను నటిస్తుంటే ఆయన ఒక్కసారైనా చూడాలన్న కోరిక నలభై దాటినా నాలో చావలేదు. చర్చి ఆవరణలోనే కదా అని బతిమాలి, ముందు వరసలో కూర్చోబెట్టాను.

భర్త వేషం మా ఊరి దర్జీది. నిజంగానే భక్తిపరుడు. బల్ల ముందు చేతులు జోడించి "ప్రేమగల తండ్రీ" అన్నాడో లేదో, షామియానా కింద జనమంతా తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు. స్టేజీ మీదైనా మావాళ్ళకు ప్రార్థన ప్రార్థనే. ఇంత చిన్న సంగతి మా మేధావికి ఎందుకు తట్టలేదో! ఇన్నాళ్ళకు నాకో ఘట్టం దొరికితే, చూసే కన్ను ఒక్కటి లేదు. ఒళ్ళు మండిపోయింది. దర్జీ కూడా నాటకం మరిచిపోయి, శనగ చేలకు వాన, ఆసుపత్రిలో ఉన్న మామకు స్వస్థత అడుగుతూ పోయాడు. అమెరికా భర్త శనగ చేలకు వాన అడిగితే జనం "ఆమెన్" అన్నారు. నేను ఉంగరం తీసి, కంచం ఖంగుమనేట్టు పడేసి, విసవిసా వెళ్ళిపోయాను.

జనం కళ్ళు తెరిచేసరికి నా కుర్చీ ఖాళీ.

"ఆయమ్మ యాడికి పాయ?" అని ఒకామె.

"కూర తెచ్చేకి పోయింటాదిలే," అని పక్కనామె.

తెర పడినా ఎవరూ లేవలేదు, కూర కోసం చూస్తున్నారు. మా ఆయన తెర వెనక తల పట్టుకుని కూలబడ్డాడు.

ఏడుపు ఆపుకుంటూ నాయన దగ్గరికి పోయాను. "నువ్వు గూడా సూడలేదు కదా నాయనా," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కంచం మోగితే కండ్లు తెరిసినా పాపా. మళ్ళా మూసుకోలేకపోతి. పాస్టరయ్యకు చెప్పొద్దు."

"ఎట్ల చేసినాను మరి?"

నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు నిజంగానే పోతాండావనుకున్యా. లేసి నిన్ను ఆపేకి నాకు కాళ్ళు రాకపాయ."