కుర్చీకి కట్టిన ఎర్రగుడ్డ

ఈ ఉదయం షెడ్డు గోడకి పసుపు పెయింటు వేయించాను. కాఫీ పళ్ళ తొక్క పులిసిన వాసనలో ఆ పెయింటు వాసన కలవగానే మార్తమ్మగారు గుర్తొచ్చారు. ఆమె రిటైరై సీలేరులో కూతురి దగ్గరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఆమె చేసిన అవమానం మాత్రం నాతోనే ఉంది.

అనంతగిరి కొండమీద, కాఫీ పళ్ళ తొక్క ఒలిచే మా షెడ్డుకి ఆమె సూపర్‌వైజరు. నేను మెషీన్ చూసేవాణ్ణి. ఒకసారి ఆమె విశాఖలో ట్రైనింగుకి వెళ్ళొచ్చి, జపాను వాళ్ళ పద్ధతి అంటూ మొదలుపెట్టారు. అక్కర్లేనిది తీసెయ్యాలి, ఉన్న ప్రతిదానికీ ఓ చోటుండాలి, రోజూ ఓ పిసరు బాగుచేసుకోవాలి. గోడమీద సుత్తి, పానా, కత్తి బొమ్మలు పసుపు రంగుతో గీయించి, ఏ బొమ్మమీద ఆ వస్తువు వేలాడదీయించారు. తీసెయ్యాల్సినవాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టారు. అందులో ఒకటి నా కుర్చీకి, అందరూ చూస్తుండగా.

"ఈ కుర్సీ ఏటి సేత్తంది ఇక్కడ, అప్పలస్వామీ?"

"కూకోడానికండి."

"మోటారు స్విచ్చికి అడ్డంగానా?"

మెషీన్‌లో పళ్ళు పోసే దేముడమ్మ పకపకా నవ్వింది. "ఎర్రగుడ్డ కట్టీసినారు మావా! రేపో మాపో నీ కుర్సీ అమ్మోరికి బలే!"

ఆ గుడ్డే నా కుర్చీని మూడు రోజులు కాపాడింది. మా కొండల్లో ఎర్రగుడ్డ కట్టింది అమ్మవారి సొత్తు. పారేయడానికి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆ సంగతి మార్తమ్మగారికి ముందు తట్టలేదు. నాలుగో రోజు తనే కుర్చీ ఎత్తుకెళ్ళి వాకిట్లో పెట్టారు, పీలికలు నీలిరంగువి తెప్పించారు. నేను పై ఆఫీసుకి రెండు పేజీల ఫిర్యాదు రాసి ఆమె చేతికే ఇచ్చాను.

నిదానంగా చదివారు. "తారీకు ఎయ్యలేదు. ఏసి ఇయ్యి, పంపుతాను. కుర్సీ మాత్రం లోపలికి తేకు."

పళ్ళు ముమ్మరంగా వచ్చే రోజులు. ఒక మధ్యాహ్నం దేముడమ్మ కొంగు మెషీన్ బెల్టులో పడింది. "మావా!" అని ఒక్క కేక, ఆ తర్వాత గొంతు లేదు. చీర మెడకి బిగుస్తోంది. రెండంగల్లో స్విచ్చి అందింది. మోటారు ఆగినా బిగువు వదల్లేదు. గోడవైపు చూడకుండానే చెయ్యి చాపాను. కత్తి దాని బొమ్మమీదే ఉంది. కొంగు కోసేశాను. దేముడమ్మ కూలబడి దగ్గింది. కుర్చీ పాతచోటే ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

మార్తమ్మగారు 'చూశావా' అంటారని పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. ఆమె దేముడమ్మ మెడ తడిమి, నీళ్ళు పట్టించి, నావైపు తిరిగారు.

"కత్తి దాని సోట పెట్టీ నాయినా."

సాయంత్రం వెళ్ళి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను.

"ఎందుకూ? అబద్దం రాయలేదు కదా. నిన్ను పక్కకి పిలిసి సెప్పాల్సింది. నలుగురి ముందూ గుడ్డ కట్టీసాను. తప్పే."

జీవితంలో చాలా ఫిర్యాదులు రాశాను. జవాబు దొరికింది ఆ ఒక్కదానికే.

ఇప్పుడు ఆ షెడ్డు నేను చూస్తున్నాను. ఇవాళ పెయింటు ఆరేలోగా, తూకం వేసే సన్యాసి రాళ్ళపెట్టె మోటారు స్విచ్చి కిందకి జరిగి ఉండడం కంటబడింది. అతన్ని వాకిట్లోకి పిలిచి, ఎవరికీ వినపడకుండా చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు గాని పెట్టె తీశాడు. ఎర్రపీలికని నేను మర్చిపోలేదు, మర్చిపోను. మార్తమ్మగారి పద్ధతికి నేను చేర్చిన పిసరు, పక్కకి పిలిచి చెప్పడం ఒక్కటే.