పదకొండు యాపుల మీద మామ్మ పేరు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. అయినా మొదటి ఉద్యోగం రోజులు ఎంత దగ్గరివైనా పాతవిగానే అనిపిస్తాయి, అప్పటి నా తెలివితేటలు తలుచుకుంటే మరెవరి సంగతో విన్నట్టు ఉంటుంది. గన్నవరం రోడ్డులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. పదిహేనుమందిమి, పదకొండు యాపులు, ఒక ఏసీ. ఆసుపత్రి టోకెన్లకొకటి, చేపల వేలంపాటకొకటి, స్కూలు బస్సులకొకటి, ఇలా. ఒక్కో యాప్ కోడు ఒక్కో రెపోలో (కోడు దాచుకునే బీరువా అనుకోండి) ఉండేది. ఆ కోడును తయారుచేసి, పరీక్షించి, సర్వరెక్కించే పని మెషీనే చేసుకునేలా ప్రతి బీరువాలోనూ ఒక వర్క్‌ఫ్లో ఫైలు ఉండేది. పదకొండూ ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టినవే. ఒకదాంట్లో తప్పు దొరికితే అన్నిట్లోనూ దిద్దాలి. ఎనిమిది దిద్దేసరికి టీ వేళయ్యేది, మిగిలిన మూడూ ఎవరికీ గుర్తుండేవి కావు.

ఆరు నెలల ప్రొబేషన్ అయిపోవస్తున్న నాకు ఇది చూసి ఒళ్లు మండింది. ఒకే ఒక్క వర్క్‌ఫ్లో రాసి ఒకచోట పెడదాం, పదకొండు యాపులూ దాన్నే పిలిచి వాడుకుంటాయి అని మా మేనేజరు మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఏ మాటకైనా ముందు "వద్దు" అంటారు కనుక ఆఫీసులో వద్దు మేడమ్ అనేవాళ్లం (చాటుగానే లెండి). నాకూ వద్దన్నారు. వారం తర్వాత మాత్రం, "సరే చెయ్యి. కానీ ప్రతి యాపూ ఫలానా నంబరు వెర్షన్ కావాలని అడిగి తీసుకోవాలి. నువ్వు మార్చిందల్లా వాటి నెత్తిన పడకూడదు" అన్నారు. నేను బుద్ధిగా తలూపి, నంబరు బదులు "ఎప్పుడూ తాజాదే తీసుకో" అని రాసేశాను. నంబరు మారినప్పుడల్లా పదకొండు చోట్ల ఎవరు దిద్దుతారని, అంతా నా బద్ధకం! శుక్రవారం నా ఉద్యోగం ఖాయమవుతుందో లేదో తేలుతుంది. ఖాయమైపోయినట్టే మా ఊరు చల్లపల్లిలో అందరికీ చెప్పేశాను కూడా.

చల్లపల్లిలో అంటే ముందు మా మామ్మకి. వీధిలో ఎవరింట పెళ్లయినా, చర్చిలో ప్రేమవిందయినా వంట మామ్మ గుండిగల్లోనే. పప్పు గరిటె నుంచి పెద్ద గుండిగ దాకా "మరియమ్మ, చల్లపల్లి" అని పేరు కొట్టించని సామాను ఆవిడ గడప దాటనిచ్చేది కాదు. బుధవారం ఫోన్లో నా ఘనకార్యం చెప్పాను.

"అందరూ వాడుకునే ఫైలు చేశాను మామ్మా. నీ గుండిగల్లాంటిదే."

"మరి పేరు కొట్టించావా?"

"ఫైలుకి పేరేంటి మామ్మా!"

"అదేంట్రా! పేరు కొట్టకుండా పదకొండిళ్లకి ఇచ్చేశావా? రేపొద్దున ఇది మాదేనని ఎవడన్నా అంటే ఏం చేస్తావు?"

మాట బాగా నాటుకుంది. గురువారం సాయంత్రం ఆ ఫైలు చివర ఒక మెట్టు కలిపాను: యాప్ మొదటి పేజీ అడుగున "మరియమ్మ, చల్లపల్లి" అని వేయాలి. ప్రాక్టీసు యాప్‌లో చూసుకుని, ఫొటో తీసి మామ్మకి చూపించమని బాబాయి ఫోనుకు పంపి, మర్నాడు తీసేద్దామని ఇంటికెళ్లిపోయాను. రోజూ పొద్దున ఎనిమిదింటికి అన్ని యాపులూ వాటంతటవే తయారై సర్వరెక్కుతాయన్న సంగతి గుర్తులేదు. (ఆ ఏర్పాటు చేసింది కూడా నేనే.)

శుక్రవారం ఎనిమిదిన్నరకి బస్సులో ఉండగానే ఫోను మోగింది. చేపల పాట నడిపే పెద్దాయన. "బాబూ, ఈ మరియమ్మ గారెవరండీ? పాటలోకి కొత్తగా దిగారా? ఆవిడెంతకి పాడతారో చూద్దామని మావోళ్లందరూ నోరు మూసుక్కూర్చున్నారండీ. ఐసు కరిగిపోతంది!" ఆయన్ని సముదాయించేలోగా ఆసుపత్రి నుంచి. టోకెన్ల తెర మీద పేరు చూసి రిసెప్షన్ అమ్మాయి పొద్దుటి నుంచి "మరియమ్మ గారూ, చల్లపల్లీ!" అని పిలుస్తూనే ఉందట. మూడోసారికి ఒక ముసలావిడ లేచి, "మాది ఇబ్రహీంపట్నం అమ్మా, పర్లేదా?" అని డాక్టరు గదిలోకి వెళ్లిపోయిందట. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

"ఎవరీ మరియమ్మ?" అన్నారు వద్దు మేడమ్.

"మా మామ్మండీ."

"ఆవిడ మన కంపెనీలో ఎప్పుడు చేరారు?"

తలొంచుకుని అంతా చెప్పాను, నంబరు పెట్టని సంగతితో సహా. ఆ మెట్టు తీసేస్తే అయిదు నిమిషాల్లో పదకొండు యాపులూ బాగుపడ్డాయి. "పాడుచేసిందీ ఒకచోటే, బాగుచేసిందీ ఒకచోటే. నువ్వు చెప్పిన లాభం ఇదే కదా" అన్నారావిడ, నవ్వకుండా. నా ఉద్యోగం ఖాయం చేసే లెటరు సొరుగులో పెట్టి, పదకొండింటిలోనూ నంబర్లు పెట్టాక రమ్మన్నారు. సాయంత్రం వెళ్తే సంతకం చేసి చేతికిచ్చారు. "పేరు కావాలంటే ఫైల్లో పైన కామెంటుగా రాసుకో, మెషీను దాన్ని పట్టించుకోదు. పేరు గిన్నె అంచు మీద ఉండాలి, అన్నంలోకి రాకూడదు." మామ్మకి చెబితే ఉద్యోగం మాట అడగనే లేదు. "ఆసుపత్రిలో నా పేరు పిలిచారా? అందరికీ వినపడేట్టేనా?" అని రెండుసార్లు చెప్పించుకుంది.

ఇప్పుడు ఆ కంపెనీలో నేను లేను, చల్లపల్లిలో మామ్మా లేదు. గుండిగలు ఎవరింట ఉన్నాయో కూడా తెలియదు. మొన్న ఆ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీరు రాసిన వర్క్‌ఫ్లో ఇప్పుడు నలభై యాపులు వాడుతున్నాయండీ. పాత లైన్లన్నీ మార్చేశాం. పైన ఒక్క కామెంటు ఉంది, మరియమ్మ, చల్లపల్లి అని. అది తీసేస్తే ఏమన్నా ఆగిపోతుందాండీ?"

నిజం చెప్పాలి కదా. "ఏమీ ఆగదమ్మా" అన్నాను.

"నేనూ అదే అన్నానండీ. తీసెయ్యనా అని మేడమ్‌ని అడిగితే, వద్దు అన్నారు."