చెంచాడు తోడు

"ఏమయ్యా, ఇంట్లో తోడు లేదా?" అని వైద్యుడు మొహమ్మీదే అడిగాడు. నరసరావుపేట కోర్టులో నకళ్లు రాసే పానకాలు తల దించుకుని, "పోయి నాలుగేళ్లయిందండీ" అన్నాడు. "పెళ్లాం సంగతి కాదయ్యా, పెరుగు తోడు! నీ తుమ్ములకి మూలం ముక్కులో లేదు, కడుపులో ఉంది. హోటలు కారాలు మానేసి ఇంట్లో తోడేసిన పెరుగన్నం తిను."

ఏటా పత్తి బండ్లు ఊళ్లోకి రాగానే తుమ్ములు మొదలై, నకళ్ల మీద సిరా చిందేది. ఈ ఏడు తుమ్ములు తగ్గాయి. తగ్గించింది పెరుగో, బండ్లే తక్కువొచ్చాయో ఎవరూ తేల్చలేదు. పానకాలు మాత్రం రోజూ దీపాలవేళకి ముందే గిన్నె పట్టుకుని పక్కింటి ఖాసింబీ గడప దగ్గర నిలబడతాడు. "అక్కా, కాస్త తోడు." ఆమె చెంచాడు వేసి, బియ్యం ధర గురించో మోకాళ్ల నొప్పి గురించో నాలుగు మాటలు చెబుతుంది. కోర్టు బయట అతనితో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఓ రోజు ఆమె నవ్వింది. "ఏంది తమ్ముడూ, నిన్నటి పెరుగు ఓ చెంచా మిగుల్చుకుంటే అదే తోడు గదా! చానా రోజుల్నించి చూస్తన్నా." ముంతెడు పెరుగు చేతిలో పెట్టి, "ఇంక రోజూ తిరగబాకు" అంది. పానకాలు ఇంటికొచ్చి మూడు పూటల పెరుగు ఒక్క పూటలో తిన్నాడు. అడుగు వేలితో తుడిచి నాకి, ముంత కడిగి, రేపటి సాయంత్రానికని గుమ్మం పక్కన బోర్లించాడు.