రాడారు మీద వేసిన నింద

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. చాలా చిన్న మాట. వింటే మీరు నవ్వుతారు కూడా. ఊరంతా నోరు తెరుచుకొని చూసిన ఒక సీరియల్ నాకు నచ్చేది కాదు.

ఇంతేనా అంటారేమో. ఇంతే. కానీ ఈ ముక్క అప్పుడే నలుగురిలో చెప్పి ఉంటే మా బావ ఇవాళ కుంటకుండా నడిచేవాడు. ఇక నవ్వరనుకుంటాను. నా పేరు చెప్పను. మాది శంషాబాద్ దగ్గర, మంఖాల్ వైపు ఒక ఊరు. అప్పట్లో ఆ ఊరికి కేబుల్ టీవీ నడిపింది నేనే. ఆ మాత్రం చాలు, మా వాళ్లెవరైనా చదివితే పోల్చుకుంటారు. పోల్చుకోనీ.

విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులవి. చుట్టుపక్కల కొందరి భూములు అందులో పోయాయి. భూమి పోయినవాళ్లకు దాని మీద కోపం, పోనివాళ్లకు దాని మీద భయం. బోరు ఎండినా, గేదె ఈనకపోయినా ఏర్పోర్టు వల్లనే అనేవాళ్లు. ఆ రోజుల్లోనే ఆ సీరియల్ మొదలైంది. ప్రతి ఆదివారం సాయంత్రం. ఆకాశంలో తిరిగే ఓడ, దారి తప్పిన మనుషులు, తెల్ల ముఖాలకు అతికించిన తెలుగు మాటలు. ఒక వారం చచ్చినవాడు పై వారం లేచి కూర్చుంటాడు. అదేమిటంటే కాలం వెనక్కి పోయిందంటారు. ఒకడైతే వాళ్ల తాత పెళ్లికి పోయి కడుపు నిండా తిని వస్తాడు. ఊళ్లో అందరికీ అర్థమైంది. బియ్యం ఏరుకుంటూ ఒక కన్నేసి చూసే మా అక్కకు కూడా అర్థమైంది. నాకు కాలేదు.

ఇక్కడ ఆగి నిజం చెప్పాలి. నచ్చలేదు నచ్చలేదు అంటున్నానే, అర్థం కాకపోవడం వల్లే నచ్చలేదా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. కొంత అదే. ఒప్పుకుంటాను. కానీ అంతా అదే కాదు. ప్రతిదానికీ కళ్లు పెద్దవి చేసే ఆ కెప్టెన్ ముఖం చూస్తేనే నాకు ఒళ్లు మండేది, ఇవాళ్టికీ మండుతుంది. సరే, మండితే మండింది. ఆ మాట పైకి అనడానికి ఏమైంది నాకు? పదిమందిలో కూర్చుంటే అందరికంటే ముందు నేనే ‘అబ్బ, ఏముందిరా’ అనేవాణ్ణి. ఊరికి చానళ్లు ఇచ్చేవాడికే తల తోక తెలియలేదంటే పరువేం మిగులుతుందని నా భయం. పరువట! తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మా కేబుల్ గది ఒంటిగది. లోపల ఒక్కో చానలుకు ఒక్కో పెట్టె, పెట్టె వెనక ఒక్కో వైరు. ఒక వైరు లాగితే ఆ ఒక్క చానలు ఊరంతా చుక్కలు చుక్కలుగా పోతుంది. గదిలో పెట్టెకే నేరుగా తగిలించిన నా చిన్న టీవీలో మాత్రం బొమ్మ నిక్షేపంలా ఉంటుంది. కప్పు మీద డిష్షు. కప్పుకు పిట్టగోడ లేదు. మొదటిసారి ఆ సీరియల్ వచ్చే చానలు పోయినప్పుడు నా తప్పేం లేదు, వైరు వదులైంది. కిరాణా దుకాణం దగ్గర నిలదీశారు. నోటికొచ్చింది చెప్పాను, ఏర్పోర్టు రాడారు సిగ్నల్ గుంజుకుంటోందని. సగం వేళాకోళానికే అన్నాను. ఎవ్వరూ నవ్వలేదు. ‘గంతే, గంతే’ అని తలలూపారు. అంత తేలిగ్గా నమ్ముతారని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు బావ సంగతి. మా అక్క మొగుడు. వాళ్లదీ మా ఊరే. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి ఇరుకు సందులో వెనక్కి నడిపించడంలో మా దిక్కున అతని తర్వాతే ఎవరైనా. విమానాల దగ్గర సామాన్ల బండ్లు లాగే ట్రాక్టర్లకు డ్రైవర్లు కావాలని ఒక కాంట్రాక్టరు వస్తే, చూసిన వెంటనే బావను ఎంచుకున్నాడు. పై నెలలో చేరాలి. అక్క ఆనందం పట్టలేక ఊరంతా చెప్పుకొచ్చింది. బావకు ట్రాక్టరు తర్వాత ఆ సీరియలే ప్రాణం. ఆ తర్వాత నన్ను ఆటపట్టించడం. బావ, బామ్మర్ది వరస మరి, ఆటపట్టించకపోతేనే తప్పు.

ఒక ఆదివారం వాళ్లింట్లో గది నిండా జనం. సీరియల్ అయిపోయింది. చివర్లో కనిపించిన ముసలాయన ఎవరని ఎవరో నన్నే అడిగారు. కెప్టెన్ తండ్రి అన్నాను ధీమాగా. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ ముసలాయన కెప్టెనేనట, ముందు కాలం నుంచి వచ్చాడట. బావ తొడ చరుచుకున్నాడు. “మా బామ్మర్ది ఊరందరికీ వడ్డిస్తడు గని, ఆయనకు మాత్రం ఒక్క ముద్ద దిగది!” అన్నాడు. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. అక్క కూడా. నేనూ నవ్వాను. లోపల కుతకుత ఉడికిపోయాను.

ఆ తర్వాత ఆదివారం నుంచి మొదలుపెట్టాను. కథ మంచి పట్టులో ఉండగా వైరు లాగేవాణ్ణి. కాసేపు ఉంచి మళ్లీ పెట్టేవాణ్ణి. ఇళ్లలోంచి హాహాకారాలు వినిపించేవి. హాయిగా ఉండేది. అవును, హాయిగానే ఉండేది, దాచి ఏం లాభం? రాడారు, రాడారు అని వాళ్లే తిట్టుకునేవాళ్లు. నేను నోరు విప్పాల్సిన పని కూడా లేకపోయింది.

చివరికి ఆ ఓడ ఇల్లు చేరుతుందో లేదో తేలే ఆదివారం వచ్చింది. వారం నుంచీ ఊళ్లో అదే మాట. ఆ రోజు నేను మొదట్లోనే వైరు పీకాను. ఇక పెట్టేది లేదనుకున్నాను. తలుపు గడియ వేసుకొని, నాకు నచ్చని ఆ సీరియల్‌ను ఊరు మొత్తంలో నేనొక్కణ్ణే చూస్తూ కూర్చున్నాను. ఇంకా పొద్దు పూర్తిగా గుంకలేదు. బయట బావ గొంతు వినిపించింది.

“బామ్మర్దీ! ఏందిరా, ఇయ్యాల్నే గిట్ల చేస్తదా?”

“రాడారు బావా. నేనేం చేస్త?”

“ఆగు, దాని సంగతి చెప్త. పసుల కొట్టం రేకు తెచ్చిన. ఏర్పోర్టు దిక్కు అడ్డం పెడ్త. నువ్వు టీవీ చూస్కుంట చెప్పు.”

నిచ్చెన గోడకు ఆనిన చప్పుడు. తర్వాత నా నెత్తి మీద అడుగులు. రాడారుకు రేకు అడ్డం పెడతాడట! నవ్వొచ్చింది. వైరు నా చేతిలోనే ఉంది. పెట్టె వెనక గుచ్చితే అయిపోయే పని.

“వచ్చిందా?”

“రాలే.”

రేకు జరిపిన చప్పుడు. “ఇప్పుడు?”

“రాలే.”

“జర ఇటు జరిపిన సూడు. వచ్చిందా?”

చేయి ఒకసారి పెట్టె దాకా పోయింది. పోయిన మాట నిజం. వచ్చింది అనేస్తే బావ దిగి వచ్చేవాడు. అంటే ఏమవుతుంది? రేకుతో రాడారును గెలిచిన మొనగాడని ఊరేగుతాడు, ఇక రాడారు సాకు నడవదు, ఇంకో సీరియల్ వస్తే నేను మళ్లీ వాళ్ల మధ్య కూర్చొని ఇకిలించాలి. ఇంత లెక్క ఆ ఒక్క క్షణంలో వేసుకున్నానా, లేక చేసిన పనికి తర్వాత కారణాలు వెతుక్కున్నానా? తెలియదు. బావ మోకాలిని తలుచుకున్నప్పుడల్లా వేరే వేరే జవాబులు వస్తాయి. నా ముందు టీవీలో బొమ్మ అద్దంలా ఉంది. నేను గట్టిగా అన్నాను.

“రాలే బావా. ఇంకా అవతలికి జరుపు.”

జరిపాడు. గాలి వచ్చింది. రేకు ఒక్కసారి పెళ్లున మోగింది. ఆ తర్వాత ఇంకో చప్పుడు, మెత్తగా, గది వెనక వైపు. ఆ చప్పుడు ఎట్లా ఉందో నేను మీకు చెప్పలేను.

నేను మొట్టమొదట చేసిన పని ఏమిటో తెలుసా? బయటికి పరుగెత్తలేదు. చేతిలోని వైరు మళ్లీ పెట్టె వెనక గుచ్చాను. ఆ తర్వాతే గడియ తీశాను. ఇది మాత్రం ఇంతవరకు ఏ మనిషికీ చెప్పలేదు, చివరికి బావతో కూడా. నేను బావ తల ఒళ్లో పెట్టుకునేసరికి ఊళ్లోని ఇళ్లన్నిటిలోంచి సీరియల్ మాటలు వినిపిస్తున్నాయి.

ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బావ పళ్లు బిగబట్టుకొని నా చెయ్యి పట్టుకున్నాడు. “నువ్వెందుకు ఏడుస్తున్నవురా? నీదేం తప్పు?” అన్నాడు. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. నా బామ్మర్ది నా కోసం ఎట్లా ఏడ్చాడోనని బావ ఆ తర్వాత ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

మోకాలు నుజ్జయింది. కాలులో రాడ్డు వేశారు. కాంట్రాక్టరు మంచివాడే, కొన్నాళ్లు ఆగాడు. కానీ మోకాలు వంగని మనిషిని సామాన్ల ట్రాక్టరు ఎవరు ఎక్కనిస్తారు? నౌకరి పోయింది. బావ శ్రీశైలం రోడ్డు పక్కన పంక్చర్ల దుకాణం పెట్టుకున్నాడు. కూర్చుని చేసే పని. సొంత ట్రాక్టరు కూడా అమ్మేశారు. ఆ రోజు నేను ఊళ్లో లేనని చెప్పుకొని పొరుగూరు పోయి కూర్చున్నాను.

ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెప్దామనే అనుకున్నాను. కట్టు విప్పాక చెప్తా, చేతికర్ర వదిలాక చెప్తా, అక్క కోపం చల్లారాక చెప్తా. అక్క కోపం నా మీద కాదు కదా, ఏర్పోర్టు మీద. అదెప్పుడు చల్లారాలి? చూస్తూ చూస్తూ అబద్ధం ఊరి నిజమైపోయింది. పెళ్లిళ్లలో, చావుల్లో రాడారు తిన్న కాలు అని బావ కాలునే చూపించేవాళ్లు.

మొన్న, మా అక్క కూతురు స్రవంతి డిగ్రీ అయ్యాక విమానాశ్రయంలోనే ఒక కౌంటరు దగ్గర నౌకరి తెచ్చుకుంది. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఇంట్లో మొదటి జీతం అదే. బావ ససేమిరా అన్నాడు. “నా కాలు తిన్న జాగల నా బిడ్డ అడుగు పెట్టది” అని అన్నం మానేశాడు. పిల్ల నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. “మామా, బాపు నీ మాటనే ఇంటడు. నువ్వు జర చెప్పు. సోమవారం నేను పోకుంటే ఇంకోరిని పెట్టుకుంటరు” అంది. బావ కాలు తిన్నది చాలక, ఇప్పుడు ఆ పిల్ల బతుకు కూడా నేనే తింటున్నాను.

పోయాను. మిట్టమధ్యాహ్నం. బావ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఎన్ని ఏళ్ల నుంచో మనసులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

“బావా, ఆ దినం రాడారు గాదు. నేనే వైరు పీకిన” అన్నాను.

బావ తల ఎత్తలేదు. బుడగ దొరికింది, దాని మీద గుర్తు పెట్టాడు. తుడిచాడు, గీకాడు, అతుకు వేశాడు. డబ్బులు తీసుకొని, ట్యూబు తెచ్చిన బండివాణ్ణి పంపించాడు. అప్పుడు అడిగాడు.

“ఎందుకురా?”

“నాకు ఆ సీరియల్ నచ్చకపోతుండె బావా.”

నా ముఖంలోకి చూశాడు. ఇంకేదో చెప్తానని ఎదురుచూశాడు. పాత పగ ఏదైనా, భూమి తగాదా ఏదైనా, కాలికి సరిపోయేంత కారణం ఏదైనా.

“గంతేనా?” అన్నాడు.

“గంతే.”

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. చేతులు కడుక్కొని దుకాణం మూసి, కాలు ఈడ్చుకుంటూ ఇంటికి పోయాడు. వెంట పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. సోమవారం స్రవంతి నౌకరికి పోయింది.

బావ ఎవ్వరికీ చెప్పలేదు. అక్కకు కూడా. నన్ను కాపాడడానికో, ఇంత చిన్నదానికా కాలు పోగొట్టుకున్నానని సిగ్గుపడో, నాకు తెలియదు. అడిగే ముఖం లేదు. అక్క మాత్రం ఏం మంత్రం వేశావురా అని మురిసిపోతుంది. నా తమ్ముడు బంగారం అని చుట్టాలకు చెప్తుంది, ఎదురుగా నన్ను కూర్చోబెట్టుకొని. ఆ మెప్పు మోయలేకే ఇది రాస్తున్నాను. అక్క చదవదు, ఎవరో ఒకరు చదివి చెప్తారు. చెప్పనీ. వైరు మళ్లీ పెట్టి మరీ బయటికి వచ్చిన సంగతి కూడా చెప్పనీ. నన్ను క్షమించమని ఎవర్నీ అడగడం లేదు. అడిగినా బావ క్షమించడు.

ఎట్లా తెలుసంటారా? ఆ రోజు నుంచి బావ నన్ను ఒక్కసారి కూడా బామ్మర్దీ అని పిలవలేదు. అక్క వాళ్లింటికి పోతే, ఎవరో పరాయివాణ్ణి పలకరించినట్టు, “ఏం కేబులాయనా, మంచిగున్నరా?” అంటాడు. అక్క వేళాకోళమనుకొని నవ్వుతుంది. నేను నవ్వను. ఇప్పుడు నాకు నచ్చనిదానికి నవ్వడం మానేశాను. మంచిగున్న అని జవాబు చెప్పి, ఆయన చూపించిన చోట కూర్చుంటాను.